చవకలో ఆక్టేవ్ పెడల్ కొనాలా, పిచ్ షిఫ్టర్ కొనాలా? మెట్టు మెట్టుగా తేల్చుకుందాం

మా బేసిస్ట్‌కి పుణెలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాక నెల తిరక్కుండానే మాకో పెళ్ళి రిసెప్షన్ ప్రోగ్రాం తగిలింది. కొత్తవాణ్ణి వెతుక్కునే టైం లేదు, వాడు పోతూ పోతూ బేస్ ఆంప్ కూడా పట్టుకుపోయాడు, సరే గిటార్‌కే కింద ఆక్టేవ్ (అదే స్వరం ఒక స్థాయి కింద) కలిపి ఎలాగోలా నెట్టుకొద్దాం అని తొందరపడి పైన పిచ్ షిఫ్టర్ అని రాసున్న ఒక చవక పెడల్ (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే డబ్బా) కొనేశా. కొన్నాక తెలిసింది నాకు కావలసింది అది కాదని. ఆక్టేవ్ పెడలూ పిచ్ షిఫ్టరూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి గానీ ఎవరి పని వాళ్ళదే. ఆక్టేవ్ పెడల్ స్వరాన్ని స్థాయిల లెక్కనే పైకో కిందకో జరిపి కలుపుతుంది, పిచ్ షిఫ్టర్ మధ్యలో ఎంత దూరమైనా జరుపుతుంది. ఆ డబ్బులు ఎలాగూ పోయాయి, మీవి పోకుండా ఉండాలని ఇదంతా రాస్తున్నా.

ముందే ఒక మాట, ఇందులో బాస్ అంటే పెడళ్ళు చేసే జపాన్ కంపెనీ, బేస్ అంటే బేస్ గిటార్. కలిపేసుకుంటే నా పూచీ కాదు.

మెట్టు 1: ఏ పాటలో ఏ చోట కావాలో రాసుకోండి

ఉత్తినే "ఒక పిచ్ పెడల్ ఉంటే బాగుంటుంది" అనుకుని షాపుకి వెళ్తే ఎక్కువ నాబ్‌లు ఉన్నదే నచ్చుతుంది. అందుకే ముందు పని ఏంటో తేల్చుకోవాలి. నాకు తెలిసి జనం ఈ పెడళ్ళు కొనేది ఐదు పనుల కోసం.

బేస్ లేని చోట కింద బరువు కోసమైతే ఒక ఆక్టేవ్ కింద చాలు. ఆర్గన్ లాగానో పన్నెండు తీగల గిటార్ లాగానో మోగించాలంటే ఆక్టేవ్ పైన కావాలి, అది కార్డ్‌లకి (ఒకేసారి మోగే స్వరాల గుంపు) కూడా పనిచేయాలి. స్వరం సర్రున పైకి లేచి మళ్ళీ కిందకి జారే ఆట కావాలంటే, అంటే గిటారిస్టులు టామ్ మొరెల్లో, జాక్ వైట్ వాడే వామీ పెడల్ తరహా, దానికి కాలి కింద తొక్కే ప్లేట్ ఉన్నది కావాలి, లేదా అలా జారించే స్విచ్ అయినా ఉండాలి.

నాలుగోది శ్రుతి మార్చుకోవడం, మన దగ్గర స్టేజ్ మీద వాయించేవాళ్ళకి అసలు తలనొప్పి ఇదే. నెలంతా రెండు శ్రుతిలో అంటే డీ లో ప్రాక్టీస్ చేసుంటాం, ఆ రోజు సింగర్‌కి గొంతు పట్టేసి "అన్నా, ఒకటిన్నర చేద్దాం" అంటారు, అంటే సీ షార్ప్. పైకి వెళ్ళాలంటే కేపో (గిటార్ మెడకి బిగించే క్లిప్) ఉంది, కిందకి వెళ్ళడానికి కేపో లేదు. ఓపెన్ తీగల మీద (వేలు పెట్టకుండా మోగించేవి) ఆధారపడ్డ రిఫ్‌లన్నీ, అంటే పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ బిట్‌లన్నీ పోతాయి, స్టేజ్ మీద ఆరు తీగలూ అరస్వరం (ఒక ఫ్రెట్ దూరం) దించి మళ్ళీ ఎక్కించుకుంటూ కూర్చుంటే ఈలోపు జనం భోజనాలకి లేచిపోతారు. కార్డ్ మొత్తాన్ని అరస్వరం కిందకి దించే పెడల్ ఉంటే ఒక్క తొక్కుడుతో అయిపోతుంది. దీనికి ఆక్టేవ్ పెడల్ పనికిరాదు, మంచి పిచ్ షిఫ్టరే కావాలి.

ఐదోది హార్మొనీ, అంటే మనం వాయించే స్వరానికి తోడుగా ఇంకో స్వరం. ఇక్కడే మోసపోయేది ఎక్కువ. చవక పెడళ్ళలో హార్మొనీ అని రాసున్నా చాలావాటిలో ఉండేది ఫిక్స్‌డ్ దూరమే, అంటే మీరు ఏ స్వరం వాయించినా సరిగ్గా నాలుగు అరస్వరాలు పైనది మోగిస్తుంది, అంతకుమించి దానికేం తెలీదు. సరళీస్వరాలు నేర్చుకున్నవాళ్ళకి మాయామాళవగౌళ తెలుసు కదా, దాని మీదే చూడండి. నాలుగు అరస్వరాలు పెట్టి స వాయిస్తే పైన గ వస్తుంది, కరెక్ట్. రి వాయిస్తే మ, అదీ కరెక్ట్. గ వాయిస్తే? ప రావాలి, కానీ గ నుంచి ప కి మూడే అరస్వరాలు, పెడల్ నాలుగు లెక్కేసి ప దాటి ధైవతం మీద పడుతుంది. రాగంలో ఉన్న స్వరమే గానీ మనం అడిగింది కాదు. మ వాయిస్తే ఇంకా ఘోరం, రాగంలోనే లేని పెద్ద ధైవతం మోగుతుంది. కీ సెట్ చేసుకునే తెలివైన హార్మొనైజర్‌లు ఉన్నాయి, బాస్ పీఎస్-6 లాంటివి, కానీ వాటికి తెలిసింది మేజర్, మైనర్ స్కేళ్ళే, మన మేళకర్తలు కాదు. ఆక్టేవ్‌తో ఈ గొడవే లేదు, స కి స, రి కి రి, ఏ రాగంలోనైనా తప్పు పోదు. అందుకే మొదటి పెడల్ ఏది కొనాలని ఎవరైనా అడిగితే నేను ఆక్టేవే చెప్తా.

మెట్టు 2: లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలుసుకోండి

పాత తరహా అనలాగ్ ఆక్టేవ్ చేసే పని చాలా సింపుల్. తీగ ఊపుల్ని లెక్కపెట్టి రెండు ఊపులకి ఒకటి చొప్పున కొత్త సిగ్నల్ తయారుచేస్తుంది, సగం ఫ్రీక్వెన్సీ అంటే ఒక ఆక్టేవ్ కిందే కదా. 1982లో వచ్చిన బాస్ ఓసీ-2 ఈ దారిదే. ఒక్క స్వరమే ఉంటే సింథ్ బేస్ లాగా లావుగా వస్తుంది, భలే ఉంటుంది. రెండు స్వరాలు ఒకేసారి వినిపిస్తే దేన్ని లెక్కపెట్టాలో తెలియక తడబడుతుంది, పక్కనే ఇద్దరు కూర్చుని చెరో లెక్క చెప్తుంటే డబ్బులు లెక్కపెట్టేవాడి పరిస్థితి. బుడబుడమని ఏదో వస్తుంది. దాన్నే మోనోఫోనిక్ అంటారు.

ఆక్టేవ్ పైకి కూడా అనలాగ్‌లో చేయొచ్చు, 1967లో రోజర్ మేయర్ అనే ఆయన జిమి హెండ్రిక్స్ కోసం చేసిన ఆక్టేవియా అలాంటిదే, ఫజ్, అంటే గరగరలాడే శబ్దం, కలిసిపోయి ఉంటుంది. నెక్ పికప్ (గిటార్ మెడ వైపున్న పికప్) పెట్టి, టోన్ తగ్గించి, పన్నెండో ఫ్రెట్ పైన వాయిస్తేనే ఆక్టేవ్ స్పష్టంగా పలుకుతుంది.

డిజిటల్‌ది వేరే కథ. పాత టేప్ రికార్డర్‌లో క్యాసెట్ స్పీడ్‌గా తిరిగితే గొంతు సన్నగా అయ్యేది గుర్తుందా, అదే సూత్రం. కాకపోతే అలా చేస్తే పాట ముందే అయిపోతుంది, అందుకని పెడల్ శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా పట్టుకుని, స్పీడ్‌గా చదివి, వెనక్కెళ్ళి మళ్ళీ చదివి, ముక్కల్ని అతుకుతుంది. అతుకులు బాగుంటే మనకి తెలీదు, బాగోకపోతే స్వరం వణికినట్టు, నీళ్ళలోంచి వచ్చినట్టు ఉంటుంది. చవకదానికీ ఖరీదైనదానికీ అసలు తేడా ఈ అతుకుల్లోనే ఉంటుంది, నాబ్‌లలో కాదు.

ఇంకోటి లేటెన్సీ, అంటే మీటాక శబ్దం బయటికొచ్చేదాకా పట్టే ఆలస్యం. ఆరో తీగ ఓపెన్‌గా మోగితే సెకనుకి 82.4 ఊపులు, అంటే ఒక్క ఊపు పూర్తవడానికే 12 మిల్లీసెకన్లు. ఒక ఊపైనా పూర్తిగా చూడకుండా అది ఏ స్వరమో ఏ పెడల్‌కైనా ఎలా తెలుస్తుంది? అందుకే లావు తీగల మీద ఆలస్యం ఎక్కువ కనిపిస్తుంది. అదే ఒకటో తీగ పన్నెండో ఫ్రెట్ మీద ఒక ఊపు 1.5 మిల్లీసెకన్లే. షాపులో కుర్రాడు డెమో అంతా పై ఫ్రెట్‌ల మీదే వాయించి చూపిస్తుంటే కాస్త అనుమానించండి.

మెట్టు 3: ఏ పెడల్ ఎందుకు పనికొస్తుంది

ధరలు రాయడం లేదు, వారానికోలా మారుతున్నాయి, ఇంపోర్ట్ స్టాక్ అయిపోతే ఇంకోలా ఉంటాయి. చవకవాటి నుంచి మొదలుపెడతా.

బెహ్రింజర్ యూఓ300 ఆక్టేవ్‌లలో అన్నిటికంటే తక్కువకి దొరికేవాటిలో ఒకటి. ప్లాస్టిక్ డబ్బా, స్విచ్ మీద బూటు కాలితో గట్టిగా తొక్కితే మనసు కలుక్కుమంటుంది, ఇంట్లో నేర్చుకోవడానికి పర్లేదు. అదే కంపెనీ యూఎస్600 లో షిఫ్ట్, హార్మొనీ, డీట్యూన్ (స్వరాన్ని ఇసుమంత జరిపి కలపడం) అన్నీ ఉంటాయి, ఒక్కో స్వరం వాయించే లీడ్‌లకి సరదాగా ఉంటుంది, కార్డ్‌లకి మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకండి.

డోనర్ హార్మోనిక్ స్క్వేర్, మూర్ పిచ్ బాక్స్ ఈ రెండూ చిన్న సైజు మెటల్ డబ్బాలు, పెడల్ బోర్డ్ మీద చోటు తినవు. పైకి, కిందకి, డీట్యూన్, దూరం ఎంచుకోవడానికి ఒక నాబ్. డీట్యూన్‌లో పెట్టి కోరస్ లాగా (ఒకే స్వరం ఇద్దరు వాయించినట్టు) వాడుకుంటే రెండూ డబ్బుకి న్యాయం చేస్తాయి. కానీ పూర్తిగా వెట్ పెట్టి, అంటే అసలు గిటార్ శబ్దం తీసేసి పెడల్‌ది మాత్రమే ఉంచి, కార్డ్ మొత్తాన్ని అరస్వరం దించి గంటసేపు ప్రోగ్రాం వాయించేద్దాం అనుకుంటే అతుకులు వినపడతాయి.

ఆక్టేవ్ ఒక్కటే కావాలంటే మూర్ టెండర్ ఆక్టేవర్ గానీ ప్యూర్ ఆక్టేవ్ గానీ చూడండి, కింద ఆక్టేవ్, పై ఆక్టేవ్, డ్రై (మార్చని అసలు గిటార్ శబ్దం) దేని లెవెల్ దానికే ఉంటుంది, కార్డ్‌లు తీసుకుంటాయి.

కాస్త పైకి వెళ్తే టీసీ ఎలక్ట్రానిక్ సబ్ అండ్ అప్. నాకు ధరకి తగ్గ పెడల్ అనిపించేది ఇదే. ఒక చిన్న స్విచ్‌తో పాలీ (ఒకేసారి చాలా స్వరాలు తీసుకునేది), క్లాసిక్ మారొచ్చు, పాలీలో కార్డ్‌లు శుభ్రంగా వస్తాయి, క్లాసిక్‌లో పాత మోనో ఆక్టేవ్ లావు వస్తుంది, అంటే ఒక్క డబ్బాలో రెండు తరాలు. దీని మినీ కూడా ఉంది.

ఎలక్ట్రో-హార్మోనిక్స్ నానో పాగ్ అందరూ వేరేవాటిని పోల్చి చూసే పెడల్. మొదటి పాగ్ 2005లో వచ్చింది, కార్డ్‌లని ఆక్టేవ్‌లోకి మార్చడంలో దాని పేరు అలా నిలిచిపోయింది. నానోలో మూడే నాబ్‌లు, చెప్పడానికేం లేదు, కానీ వెనక రెండు ఔట్‌పుట్‌లు ఉంటాయి చూశారా, ఒకటి ఎఫెక్ట్, ఒకటి డ్రై. బేసిస్ట్ లేని బ్యాండ్‌కి అది బంగారం. డ్రై ని మీ గిటార్ ఆంప్‌కి ఇచ్చేయండి, ఎఫెక్ట్ ఔట్‌లో డ్రై నాబ్ సున్నా చేసి కింద ఆక్టేవ్ మాత్రమే ఉంచి మిక్సర్‌కో బేస్ ఆంప్‌కో పంపండి. ఒక్కడే ఇద్దరిలా వినిపిస్తాడు.

బాస్ ఓసీ-5 లో వింటేజ్ మోడ్ పెడితే పాత ఓసీ-2 శబ్దం, పాలీ మోడ్ పెడితే కార్డ్‌లు. పాలీలో రేంజ్ అని ఒకటుంది, దాంతో ఆక్టేవ్‌ని కింది స్వరాలకి మాత్రమే తగిలించొచ్చు. బొటనవేలు బేస్ తిరుగుతుంటే దానికే కింద ఆక్టేవ్ పడుతుంది, పైన మెలొడీ మామూలుగా ఉంటుంది. ఫింగర్‌స్టైల్ వాయించేవాళ్ళు దీన్ని ఒకసారైనా విని తీరాలి.

శ్రుతి మార్చడానికి డిజీటెక్ డ్రాప్. ఒక నాబ్, ఒక అరస్వరం నుంచి ఏడు దాకా, ఆపైన ఆక్టేవ్, చివర్లో ఆక్టేవ్ ప్లస్ డ్రై, అంతే. కిందకే వెళ్తుంది, పైకి వెళ్ళదు. ఒకటి రెండు అరస్వరాల వరకు ముందు వరుసలో కూర్చున్నవాళ్ళకి కూడా తేడా తెలీదు, ఐదు దాటితే అందరికీ తెలుస్తుంది. పైకీ కిందకీ రెండూ కావాలంటే ఎలక్ట్రో-హార్మోనిక్స్ పిచ్ ఫోర్క్, మూడు ఆక్టేవ్‌ల దాకా ఎటైనా వెళ్తుంది, ఎక్స్‌ప్రెషన్ పెడల్ (కాలితో ముందుకూ వెనక్కీ తొక్కేది) తగిలిస్తే వామీలా జారుతుంది కూడా.

ఇవేవీ వద్దు బడ్జెట్ అసలే లేదంటే జూమ్ జీ1 ఫోర్ లాంటి చిన్న మల్టీ ఎఫెక్ట్స్ (ఒకే డబ్బాలో చాలా ఎఫెక్ట్‌లు) తీసుకోండి, అందులో పిచ్ ఎఫెక్ట్‌లు ఉంటాయి, జీ1ఎక్స్ ఫోర్ అయితే కాలి పెడల్ కూడా ఉంటుంది. ముందు దాంట్లో మూణ్ణెల్లు వాడి చూస్తే అసలు మీకు ఈ శబ్దం ఎన్ని పాటల్లో అవసరమో తెలిసిపోతుంది.

మెట్టు 4: మీ స్పీకర్‌కి అంత దమ్ముందా

ఇది ఎవరూ చెప్పరు. ఆరో తీగ ఓపెన్ స్వరానికి ఒక ఆక్టేవ్ కింద అంటే 41 హెర్ట్జ్, బేస్ గిటార్ లావు తీగ అదే. రెండు ఆక్టేవ్‌లు కింద అంటే 20.6, మనిషి చెవికి వినపడే హద్దు దాదాపు అక్కడితో సరి. ఆరున్నర అంగుళాల ప్రాక్టీస్ ఆంప్ వీటిని మోగించలేదు, కోన్ ఊగుతుంది, గరగర వస్తుంది, మనం పెడల్‌ని తిట్టుకుంటాం. ఆ స్పీకర్ మీద నాలుగు, మూడు తీగల మీద వాయిస్తేనే ఆక్టేవ్ బాగా వినపడుతుంది. రిసెప్షన్‌లో మాత్రం నేను మిక్సర్ ద్వారా పెద్ద స్పీకర్లకి పంపాను కాబట్టి గట్టెక్కాను.

మెట్టు 5: షాపులో పది నిమిషాల పరీక్ష

మీ గిటార్ మీరే పట్టుకెళ్ళండి, ట్యూన్ చేసుకోండి, డ్రైవ్ (శబ్దాన్ని గరుకుగా చేసే ఎఫెక్ట్) ఏమీ వద్దు, క్లీన్. పెడల్‌లో డ్రై సున్నా చేయండి, డ్రై వింటూ ఉంటే పెడల్ తప్పులు కప్పబడిపోతాయి.

ముందు ఆరో తీగ ఓపెన్‌గా ఒక్కసారి మీటి పూర్తిగా ఆగేదాకా కదలకండి. ఆరిపోయే ముందు స్వరం గిలగిల కొట్టుకుని ఆక్టేవ్ మారి ఎగిరిపోతుందా, సాఫీగా చచ్చిపోతుందా? తర్వాత అదే తీగ మీద ఒక్కో ఫ్రెట్ ఎక్కుతూ పన్నెండు దాకా వెళ్ళండి, ఎక్కడైనా ఒక ఫ్రెట్ దగ్గర తడబడితే గుర్తుపెట్టుకోండి. మూడోది రెండు స్వరాలు కలిపి, ఆ తర్వాత పూర్తి జీ కార్డ్. నాలుగోది గమకం, అంటే బెండ్, స్లైడ్, విబ్రాటో. మంచి పెడల్ మీ వేలితో పాటే జారుతుంది, నాసిరకంది మెట్లు ఎక్కినట్టు టకటక దూకుతుంది. మనవాళ్ళ పాటల మెలొడీలు వాయించేవాళ్ళకి నా లెక్కలో ఇదే అన్నిటికంటే ముఖ్యం, ఇంగ్లీష్ యూట్యూబ్ రివ్యూల్లో దీన్ని చూపించడం బహు అరుదు. చివరగా స్పీడ్‌గా పికింగ్ చేసి పిక్ దెబ్బకీ శబ్దానికీ మధ్య గ్యాప్ తెలుస్తుందేమో చూడండి. పది మిల్లీసెకన్ల ఆలస్యం అంటే ఆంప్‌కి మూడున్నర మీటర్ల దూరంలో నిలబడ్డట్టే, అంత పర్లేదు, దానికి రెండింతలైతే చేతికి తెలుస్తుంది.

శ్రుతి దించే పెడల్ టెస్ట్ చేసేటప్పుడు హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. నేను ఇక్కడే పరువు పోగొట్టుకున్నా. ఒక సెకండ్ హ్యాండ్ పెడల్ తెచ్చి రాత్రి ఇంట్లో చిన్న వాల్యూమ్‌లో అరస్వరం దించి వాయిస్తే చెవులు చిల్లులు పడేంత అపశ్రుతి, పెడల్ పోయిందని పొద్దున్నే అమ్మినాయన దగ్గరికి వెళ్ళి గొడవపెట్టుకున్నా. ఆయన ఏం మాట్లాడకుండా ఆంప్ వాల్యూమ్ పెంచాడు, అంతే, శుభ్రంగా ఉంది. విషయం ఏంటంటే చిన్న వాల్యూమ్‌లో ఆంప్ నుంచి ఈ ఫ్లాట్ (E♭) వస్తుంటే ఒళ్ళో ఉన్న గిటార్ తీగ నేరుగా ఈ (E) స్వరం మోగుతోంది, రెండూ కలిసి చెవిలో పడుతున్నాయి. టీ కూడా ఆయనే ఇప్పించాడు.

మెట్టు 6: లేటెన్సీ కొలవాలంటే

ఆడియో ఇంటర్‌ఫేస్ ఉన్నవాళ్ళకే ఇది. వై కేబుల్‌తో గిటార్‌ని రెండుగా చీల్చి, ఒకటి నేరుగా ఇన్‌పుట్ 1 కి, ఇంకోటి పెడల్ గుండా ఇన్‌పుట్ 2 కి. పెడల్‌లో డ్రై సున్నా. 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డ్ చేసి ఒక్క గట్టి దెబ్బ మీటి, రెండు ట్రాక్‌లనీ జూమ్ చేసి మొదలైన చోట్ల మధ్య ఎన్ని శాంపిల్స్ ఉన్నాయో లెక్కపెట్టండి, 48కి ఒక మిల్లీసెకన్. ఆరో తీగ మీదా ఒకటో తీగ మీదా విడివిడిగా చూడండి.

మెట్టు 7: ఎక్కడ పెట్టాలి, ఎంత పెట్టాలి

ట్యూనర్ ముందు, తర్వాత పిచ్ పెడల్, ఆ తర్వాతే డ్రైవ్, ఆపైన డిలే, రివర్బ్. ట్యూనర్‌ని పిచ్ పెడల్ తర్వాత పెడితే దించిన స్వరం చూసి అది గిటార్‌ని తప్పు ట్యూన్ చేయిస్తుంది. డ్రైవ్ వెనకాల పెడితే పెడల్‌కి వచ్చేది గందరగోళం, బయటకొచ్చేదీ అదే. ముందు ఒక కంప్రెసర్ (శబ్దం హెచ్చుతగ్గులు సమం చేసే పెడల్) ఉంటే స్వరం ఆరిపోయే దగ్గర ట్రాకింగ్, అంటే పెడల్ స్వరాన్ని పట్టుకోవడం, కాస్త మెరుగవుతుంది. కింద ఆక్టేవ్‌కి నెక్ పికప్, టోన్ సగానికి తగ్గించి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

పవర్ దగ్గర చూసుకోండి, చాలావరకు 9 వోల్ట్ డీసీ సెంటర్ నెగటివే గానీ వామీ నాలుగో మోడల్ లాంటి పాతవాటికి 9 వోల్ట్ ఏసీ కావాలి, సెకండ్ హ్యాండ్‌లో అడాప్టర్ లేకుండా అమ్ముతుంటే దాని మీదేం రాసుందో చదవకుండా ప్లగ్ పెట్టకండి. డిజిటల్ పెడళ్ళని డైసీ చైన్‌లో (ఒకే అడాప్టర్ నుంచి అన్నిటికీ పవర్ ఇచ్చే వైరు) వేరేవాటితో కలిపితే సన్నగా కీచుమని శబ్దం వస్తుంటే దానికో విడి అడాప్టర్ ఇచ్చి చూడండి, పది సార్లకి తొమ్మిది సార్లు అదే.

బేస్ పనికి నా సెట్టింగ్ డ్రై గడియారంలో పన్నెండు, ఒక ఆక్టేవ్ కింద ఒంటిగంట, రెండో ఆక్టేవ్ పూర్తిగా మూసేస్తా. ఆర్గన్‌కి డ్రై తొమ్మిది, పైన ఆక్టేవ్ పన్నెండు, కిందది పదకొండు, వెనకాల కొంచెం స్లో కోరస్, వాల్యూమ్ నాబ్‌ని చిటికెనవేలితో సున్నా నుంచి పెంచుతూ మీటితే పిక్ దెబ్బ వినపడదు, కీబోర్డ్ ఎవరు వాయిస్తున్నారా అని జనం స్టేజ్ వెనక్కి తొంగిచూస్తారు.